ధూమకేతువు చెప్పిన గాలి కబురు

2024వ సంవత్సరం దసరా వెళ్ళిన మూడో రోజు సాయంత్రం. చాండ్లర్‌లో మా పెరట్లో నిలబడితే వీధి దీపాల వెలుగు తప్ప ఆకాశం కనిపించదు కనుక, పిల్లలను కార్లలో ఎక్కించుకుని శాన్ టాన్ కొండల వైపు పోయాం. పొద్దుగూకిన అరగంటకు, పడమట ఎస్ట్రెల్లా కొండల మీద శుక్రుడు మెరిశాడు. ఎస్ట్రెల్లా అంటే స్పానిష్ భాషలో నక్షత్రమేనట. శుక్రుడికి కుడివైపున, కొంచెం ఎత్తులో, దూదిని చేత్తో పైకి సాగదీసినట్టు తోకచుక్క కనిపించింది. దాని పేరు సుచిన్‌షాన్-అట్లాస్.

ఈ దేశంలో పుట్టి పెరిగిన మా మనుమరాలు అడిగింది: "తాతయ్యా, తోక పైకి ఎందుకుంది?"

నేను తడుముకోకుండా చెప్పాను. పరుగెత్తే గుర్రానికి తోక వెనక్కి ఎగిరినట్టు, చుక్క కిందికి పోతున్నది కనుక తోక పైకి ఉన్నదన్నాను. పెద్దవాళ్ళం కదా, తెలియదని చెప్పడానికి నోరు రాదు. మరునాడు ఆ పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చి, "తాతయ్యా, నువ్వు చెప్పింది తప్పు. అది సూర్యుణ్ణి చుట్టి వచ్చి ఇప్పుడు దూరంగా పోతోంది. అంటే తోకే ముందు నడుస్తోంది" అన్నది. చూస్తే నిజమే. ఆ తోకచుక్క సెప్టెంబరు 27న సూర్యునికి అతి సమీపంగా వెళ్ళి తిరుగుముఖం పట్టింది. దాని తోక వెనుక రావడం లేదు, ముందు పోతున్నది.

నన్ను తప్పుదారి పట్టించినది మన "తోక" అనే మాటే. తోక అన్నది ఎప్పుడూ వెనుక ఉండాలి మరి! అయితే మన భాషలోనే మరొక మాట ఉంది, ధూమకేతువు. ధూమం అంటే పొగ. కేతువు అంటే జెండా. జెండా ఎటు ఎగురుతుందన్నది దాన్ని మోసేవాడు ఎటు నడుస్తున్నాడన్న దాన్నిబట్టి కాక, గాలి ఎటు వీస్తున్నదన్న దాన్నిబట్టి కదా ఉంటుంది! ఆ పేరు పెట్టినవారికి సూర్యుని గాలి సంగతి తెలుసునని నేను అనను. అట్లా అనే పెద్దలు మనలో కొందరున్నారు, వారితో నాకు పేచీ. కాని పేరు మాత్రం సరిగ్గా అతికింది. ఆ గాలి సంగతి ఎట్లా తెలిసింది, అందులో మన తెలుగు నేలకూ ఈ ఆరిజోనా నేలకూ ఉన్న చుట్టరికం ఏమిటి అన్నది ఈ ఉత్సవ సంచికలో నాలుగు మాటలు ముచ్చటించుకుందాం. మనుమరాలికి నేను బాకీపడ్డ జవాబు కూడా ఇదే.

తోకచుక్క వస్తే రాజుకు చేటని మన పల్లెల్లో అనుకునేవారు. దాన్ని వేలెత్తి చూపకూడదని మా నాయనమ్మ కసిరేది. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు ప్రపంచమంతా భయపడింది. ఆ సంవత్సరమే గురజాడ అప్పారావుగారు "ముత్యాల సరములు" రాశారు. అందులో ధూమకేతువును కీడుగా కాక, ఆదరించవలసిన అతిథిగా చూశారు. తెలుగు సాహిత్యం ఆ గేయంతో కొత్త దారి పట్టిందని విమర్శకులు అంటారు. ఆ దారి మొదట్లో ఒక తోకచుక్క ఉందన్నది గుర్తు పెట్టుకోదగిన విషయం.

గురజాడ వారి విజయనగరానికి కూతవేటు దూరంలో, విశాఖపట్టణంలో, అంతకు చాలా ముందే తోకచుక్కలను దుర్భిణితో చూసిన తెలుగువారున్నారు. గోడే వెంకట జగ్గారావుగారు జమీందారు కుటుంబీకులు. 1817లో పుట్టారు. మద్రాసు నక్షత్రశాలలో టేలర్ దొర దగ్గర పని నేర్చుకుని, 1840లో విశాఖలోని డాబా గార్డెన్స్‌లో సొంత డబ్బుతో నక్షత్రశాల కట్టుకున్నారు. 1856లో ఆయన గతించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నిలబెట్టారు. గ్రహణాలు, సూర్యబింబం మీదుగా గ్రహాలు దాటిపోవడం, తోకచుక్కలు, వాతావరణం, ఇవన్నీ అక్కడ శ్రద్ధగా చూసి రాసి లండనుకు పంపేవారు. లండను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారు ఆయనను తమ సభ్యునిగా చేర్చుకున్నారు. నరసింగరావుగారు 1892లో పరమపదించారు. విశాఖలో చదువుకున్నవారికి మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ తెలియకుండా ఉండదు. ఆ ఏ.వి.ఎన్. ఈయనే. ఆయన సతీమణి ఇచ్చిన విరాళంతో ఆ కళాశాలకు ఆ పేరు వచ్చింది. ఈ కళాశాల సంగతి కొంచెం మనసులో ఉంచుకోండి, తరువాత అవసరం పడుతుంది.

ఇక తోక దిక్కు సంగతి. తోక ఎప్పుడూ సూర్యునికి ఎడమొగంగానే ఉంటుందని 1531లోనే జర్మనీలో పీటర్ అపియన్ గమనించాడు. సూర్యుని వెలుగే దాన్ని తోస్తున్నదని కెప్లర్ ఊహించాడు. ఆ ఊహ సగం నిజం. తోకచుక్కకు సాధారణంగా రెండు తోకలుంటాయి. ఒకటి దుమ్ము తోక, పచ్చగా, వంపుగా ఉంటుంది. దాన్ని తోసేది వెలుగే. మేము శాన్ టాన్ దగ్గర కంటితో చూసినదీ ఎక్కువభాగం అదే. రెండోది నీలిగా, సన్నగా, గీత గీసినట్టు సూటిగా ఉంటుంది. అది విద్యుదావేశం కలిగిన వాయువుల తోక. అందులో ముడులు, చీలికలు పుట్టి గొప్ప వేగంతో కొట్టుకుపోతుంటాయి. అంత వేగంగా తోయడానికి వెలుగు బలం చాలదు. మరి తోసేదెవరు?

1951లో జర్మనీకి చెందిన లుడ్విగ్ బియర్మన్, సూర్యుని నుంచి అన్ని దిక్కులకూ, ఎడతెగకుండా, కణాల ప్రవాహం ఒకటి వస్తూ ఉండాలని చెప్పాడు. అప్పటివరకూ శాస్త్రజ్ఞులు అనుకున్నదేమంటే, సూర్యుడు అప్పుడప్పుడూ ఒక విసురు విసురుతాడు, మిగిలిన కాలమంతా గ్రహాల మధ్య చోటు బోసిగా ఉంటుందని. అది తప్పని సాక్ష్యం చెప్పినది తోకచుక్క. అక్కడికి ఏ యంత్రమూ పోని రోజుల్లో ఆకాశంలో కట్టిన జెండా అదొక్కటే!

1958లో షికాగోలో యూజీన్ పార్కర్ అనే యువకుడు ఆ ప్రవాహానికి లెక్క కట్టాడు. సూర్యుని చుట్టూ ఉండే కరోనా పది లక్షల డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంటుంది. అంత వేడి వాయువును సూర్యుడు పట్టి ఉంచలేడు, అది ఉబ్బి ఉబ్బి ధ్వని వేగాన్ని మించి బయటికి వీచవలసిందే అన్నాడు. దానికి ఆయన పెట్టిన పేరే సౌర పవనం. వ్యాసాన్ని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కు పంపితే పరిశీలకులిద్దరూ పనికిరాదని తిప్పికొట్టారు. ఆ పత్రికకు అప్పుడు సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకూ ఆ మాట మీద నమ్మకం కుదరలేదట. అయినా లెక్కలో తప్పేమైనా ఉందా అని చూశారు. పరిశీలకులెవరూ ఒక్క తప్పూ చూపలేదు. అచ్చు వేశారు. తాను నమ్మని మాటను, తప్పు కనబడలేదు కనుక అచ్చు వేసిన సంపాదకుణ్ణి తలచుకుంటే నాకు ఆయన నోబెల్ బహుమానం కంటే ఆ పని పెద్దదనిపిస్తుంది. తరువాత నాలుగేళ్ళకు, 1962లో, శుక్రగ్రహానికి పోతున్న అమెరికా నౌక మారినర్-2 దారిపొడవునా ఆ గాలిని కొలిచింది. రష్యా వారి లూనా నౌకలు 1959లోనే దాని జాడ పట్టాయి. సెకనుకు 300 నుంచి 800 కిలోమీటర్ల వేగం. కాని భూమి దగ్గర ఘన సెంటీమీటరుకు ఐదారు కణాలకు మించి ఉండవు. గాలి అంటే అంత పలచని గాలి.

ఈ చంద్రశేఖర్ తాతగారు, అంటే తండ్రికి తండ్రి, చంద్రశేఖర అయ్యరు. తిరుచినాపల్లి నుంచి 1892 ప్రాంతంలో ఉద్యోగరీత్యా విశాఖ వచ్చి, గణితం, భౌతికశాస్త్రం బోధించారు. ఎక్కడ? ఇందాక చెప్పుకున్న ఏ.వి.ఎన్. కళాశాలలో. ఆయన కొడుకుల్లో ఒకరు సర్ సి.వి. రామన్, మరొకరు చంద్రశేఖర్ తండ్రి సుబ్రహ్మణ్య అయ్యరు. విశాఖలో తోకచుక్కలు చూసిన తెలుగు జమీందారు పేరు పెట్టుకున్న కళాశాల జీతంతో ఆ కుటుంబం కొన్నేళ్ళు సాగింది. దీన్నిబట్టి చంద్రశేఖర్‌ను మన ఖాతాలో వేసుకోవాలని కాదు. ఆయన తమిళులు, లాహోరులో పుట్టారు, షికాగోలో స్థిరపడ్డారు. కాని ఒక ఊళ్ళో ఎవరో శ్రద్ధగా ఆకాశం చూస్తే, ఆ శ్రద్ధ ఎక్కడెక్కడికి పోయి తేలుతుందో చెప్పలేం.

ఇప్పుడు హైదరాబాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల, 1908లో నిజాము ప్రభుత్వం చేతికి వచ్చింది, తరువాత బేగంపేటలో స్థిరపడింది. 15 అంగుళాల గ్రబ్ దుర్భిణి ఉండేది. ప్రపంచంలోని నక్షత్రశాలలన్నీ కలిసి ఆకాశాన్ని వాటాలు వేసుకుని పటం గీసిన మహాకార్యంలో హైదరాబాదు తన వాటా నక్షత్రాలను, లక్షలలో, కొలిచి అచ్చు వేసింది. అక్కడ పనిచేసే సునన్న బప్పుగారి అబ్బాయి వేణు బప్పు. మలబారు ప్రాంతపు కుటుంబం. 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టాడు. పెరిగిందీ, నిజాం కాలేజీలో చదివిందీ, ఆకాశాన్ని ప్రేమించిందీ హైదరాబాదులో. (పార్కర్ పుట్టింది అదే ఏడు జూన్ 10న. సరిగ్గా రెండు నెలల పెద్ద.) హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో ఆ యువకుడు 1949లో హార్వర్డు వచ్చాడు.

వచ్చిన కొన్ని నెలలకే, జూలై 2న, వేరే పనికోసం తీసిన ఫొటో పలకను పరిశీలిస్తూంటే అందులో ఒక మసక గీత కనిపించింది. అధ్యాపకుడు బార్ట్ బాక్, సహ విద్యార్థి గార్డన్ న్యూకర్క్ కలిసి చూశారు. కొత్త తోకచుక్క! దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అని ముగ్గురి పేర్లూ పెట్టారు. సుమారు 60,000 ఏళ్ళకు గాని తిరిగి రాదని లెక్క తేలింది. పసిఫిక్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారు బప్పుకు డోనో పతకం ఇచ్చారు. భారతీయుని పేరు మోసిన తోకచుక్క అది.

ఆ మూడు పేర్లూ తరువాత ఏమయ్యాయో చూడండి. బప్పు తిరిగి వెళ్ళి కొడైకెనాల్‌లోనూ, కావలూరులోనూ భారత ఖగోళశాస్త్రానికి పునాదులు వేసి, 1982లో మ్యూనిక్‌లో కన్నుమూశారు. కావలూరులోని 2.34 మీటర్ల దుర్భిణికి 1986లో ఆయన పేరు పెట్టారు. బార్ట్ బాక్ 1966లో మన ఆరిజోనాకు వచ్చి టూసాన్‌లోని స్టీవర్డ్ నక్షత్రశాలకు అధిపతి అయ్యారు. 1983లో టూసాన్‌లోనే పోయారు. కిట్ పీక్ కొండ మీద ఉన్న 90 అంగుళాల దుర్భిణికి 1996లో ఆయన పేరు పెట్టారు. 90 అంగుళాలంటే 2.3 మీటర్లు. అంటే తమిళనాడు కొండల్లో ఒకటి, ఆరిజోనా ఎడారిలో ఒకటి, ఇంచుమించు ఒకే కొలత గల రెండు దుర్భిణులు ఒకే తోకచుక్కను పంచుకున్న ఇద్దరి పేర్లతో ఉన్నాయి! చాండ్లర్ నుంచి టూసాన్ సుమారు వంద మైళ్ళు, అక్కడినుంచి కిట్ పీక్ మరొక యాభై ఆరు మైళ్ళు. పిక్నిక్కులకు ఇంతకంటే దూరం పోతూనే ఉంటాం.

మూడోవాడు న్యూకర్క్ సూర్యుని కరోనాను ఫొటో తీసే ప్రత్యేకమైన కెమేరా చేశాడు. కరోనా అంటే ఆ గాలి పుట్టే చోటు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు, అమెరికాలోని హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వారు ఆ కెమేరాను మోసుకుని మహబూబ్‌నగర్ జిల్లా పాలెం గ్రామానికి వచ్చారు. అక్కడ తీసిన కరోనా ఫొటో ఈనాటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. రంగాపురంలో ఉస్మానియా వారి 48 అంగుళాల దుర్భిణి ఉన్న చోట మనవాళ్ళూ పరిశీలనలు చేశారు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. నల్లగొండ జిల్లాలో మా ఊరు సంపూర్ణ గ్రహణం పట్టే దారిలోనే ఉంది. మధ్యాహ్నం నుంచే ఊళ్ళో మనిషి కనబడలేదు. మేము తలుపులు వేసుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని, నాయనమ్మ చెప్పినట్టు నీళ్ళకుండల్లో గరిక వేసి కూర్చున్నాం. సాయంత్రం పూట హఠాత్తుగా గదిలో చీకటి పడింది, పక్షులు గొల్లుమన్నాయి, తరువాత వెలుగు వచ్చింది. అంతే. సముద్రాలు దాటి వచ్చినవారు మా పక్క జిల్లాలో నిలబడి చూసినదాన్ని, నా నెత్తిమీద జరుగుతూంటే నేను చూడలేదు. నేను అప్పటికి చదువుకున్నవాణ్ణే. నాయనమ్మను తప్పు పట్టను, ఆమె ప్రేమకొద్దీ చెప్పింది. తలుపు తీసి, కంటికి తగిన రక్షణ పెట్టుకుని చూడవచ్చునని తెలిసి కూడా లేవని నన్ను నేను తప్పు పడతాను. అందుకే 2024లో మనుమరాలిని వెంటబెట్టుకుని కొండల దగ్గరికి పోయింది.

ఇక అసలు కథ. 1996 జనవరి 30న జపాను దేశపు యూజీ హ్యకుటాకే అనే ఔత్సాహికుడు పెద్ద బైనాక్యులర్స్‌తో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. అది మార్చి 25న భూమికి కోటిన్నర కిలోమీటర్ల దూరం దాకా వచ్చింది. ఆకాశ ప్రమాణంలో అది గడప తొక్కినట్టే. అప్పుడు రోసాట్ అనే జర్మన్ ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతూ ఎక్స్-కిరణాలను గమనిస్తూ ఉండేది. మామూలుగా ఎక్స్-కిరణాలంటే లక్షల డిగ్రీల వేడిలో పుట్టే సరుకు, పేలిపోయిన నక్షత్రాలు, కృష్ణబిలాల చుట్టూ తిరిగే వాయువులు. తోకచుక్క అంటే మట్టికొట్టుకున్న మంచుగడ్డ. మంచుగడ్డ దగ్గర ఎక్స్-కిరణాలు వెతకడం పెరుగుకుండలో నిప్పు వెతికినట్టే. అయినా కేరీ లిస్, కొన్రాడ్ డెన్నర్ల్ మొదలైనవారు రోసాట్‌ను అటు తిప్పి చూడాలని పట్టుబట్టారు. మార్చి 27 నాటికి బొమ్మ వచ్చింది. తోకచుక్కకు సూర్యుని వైపున నెలవంక ఆకారంలో ఎక్స్-కిరణాల వెలుగు! అనుకున్నదానికంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. గంటగంటకూ హెచ్చుతగ్గులు కూడా.

నమ్మలేక పాత రికార్డులు తిరగేశారు. రోసాట్ 1990-91లో ఆకాశమంతా సర్వే చేసినప్పటి టేపుల్లో మరొక నాలుగు తోకచుక్కల ఎక్స్-కిరణాలు ఉండనే ఉన్నాయి. ఐదారేళ్ళుగా ఎవరూ వెతకలేదు గనుక ఎవరికీ కనిపించలేదు. బీరువాలో దాచి మరచిపోయిన నగ దొరికినట్టు.

మంచుగడ్డకు ఈ నిప్పు ఎక్కడిది? 1997లో కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ క్రేవెన్స్ జవాబు చెప్పాడు. ఆ నిప్పు తోకచుక్కది కాదు, సూర్యునిది. సౌర పవనంలో అత్యధికభాగం హైడ్రోజన్ కేంద్రకాలు, కొంత హీలియం. కాని వెయ్యికి ఒక వంతు ప్రాంతంలో ఆక్సిజన్, కార్బన్, నైట్రోజన్ వంటి బరువైన మూలకాలు కూడా ఉంటాయి. ఆక్సిజన్ పరమాణువుకు న్యాయంగా ఎనిమిది ఎలక్ట్రానులుండాలి. కరోనా వేడిలో ఆరో, ఏడో, ఒక్కొక్కప్పుడు ఎనిమిదికి ఎనిమిదీ ఊడిపోతాయి. సర్వస్వం పోగొట్టుకున్న ఆ పరమాణువు శూన్యంలో కోట్ల కిలోమీటర్లు వస్తుంది. దారిలో ఎవరూ తగలరు, పోయిన ఎలక్ట్రాను దొరకదు. సూర్యుని దగ్గర ఎంత నష్టపోయిందో అంత నష్టంతోనే వస్తుంది. చివరకు తోకచుక్క నుంచి లేచిన నీటి ఆవిరి తగులుతుంది. ఆకలిమీద ఉన్నవాడు విస్తరి లాక్కున్నట్టు, నీటి అణువు నుంచి ఒక ఎలక్ట్రానును లాక్కుంటుంది. ఆ ఎలక్ట్రాను తిన్నగా కింది మెట్టు మీద కూర్చోదు. పై మెట్టు మీద వాలి, కిందికి దిగుతుంది. దిగేటప్పుడు వదిలే శక్తే ఎక్స్-కిరణం. దీన్ని ఆవేశ మార్పిడి అనవచ్చు.

ఈ మాట రుజువు కావాలంటే ఎక్స్-కిరణాలను రంగులు విడదీసి చూడాలి. ఏ మూలకం ఎన్ని ఎలక్ట్రానులు పోగొట్టుకుని వచ్చిందో దాని ప్రకారం ప్రత్యేకమైన గీతలు పడాలి. రోసాట్ కన్ను అంత సూక్ష్మమైనది కాదు. 1999 జూలై 23న కొలంబియా షటిల్ మరొక ఎక్స్-కిరణ నక్షత్రశాలను పైకి మోసుకుపోయింది. దాని పేరు చంద్ర. 1995లో గతించిన చంద్రశేఖర్ పేరే. 2000 జూలై 14న ఆ చంద్ర లీనియర్ అనే తోకచుక్కను చూసింది. ఆక్సిజన్, నైట్రోజన్ గీతలు స్పష్టంగా పడ్డాయి. ఊడిపోయిన ఎలక్ట్రానుల లెక్క సరిపోయింది. పాపం, ఆ తోకచుక్క మరి పది పన్నెండు రోజులకే ముక్కలు చెక్కలైపోయింది, సాక్ష్యం చెప్పి పోయినట్టు. 1958లో సౌర పవనం వ్యాసాన్ని అచ్చు వేసిన సంపాదకుని పేరుగల యంత్రమే, ఆ గాలిలో ఏమేమి ఉన్నదో తోకచుక్క నోట పలికించింది! చంద్రలో ఎక్స్-కిరణాలను పట్టేవి సిలికాన్ పలకలే. చాండ్లర్ ఫ్యాక్టరీలలో మన పిల్లలు ఎందరో చేసే పనికి ఆ పలకలు దాయాదులే.

ఇంతకూ దీనివల్ల లాభం ఏమిటని అడగవచ్చు. గాలిని కొలవడానికి ఉపగ్రహాలున్నాయి కదా? ఉన్నాయి. కాని వాటిలో చాలావరకు భూమి తిరిగే తలానికి దగ్గరలోనే ఉంటాయి. సూర్యుని ధ్రువాల మీదుగా వెళ్ళి చూసినది చాలాకాలం వరకు 1990లో బయలుదేరిన యులిసిస్ ఒక్కటే. తోకచుక్కలకు తలాల పట్టింపు లేదు. పైనుంచీ కిందనుంచీ, ఎక్కడెక్కడినుంచో వస్తాయి. ఏ యంత్రమూ లేనిచోట అవి ఖర్చులేని వాతావరణ కేంద్రాలు. ఆక్సిజన్ ఆరు ఎలక్ట్రానులు పోగొట్టుకుని వచ్చిందా, ఎనిమిదీ పోగొట్టుకుని వచ్చిందా అన్నదాన్నిబట్టి, ఆ గాలి బయలుదేరిన చోట సూర్యుని వేడి ఎంతో చెప్పవచ్చు. కరోనాలో చిల్లులవంటి చోట్లనుంచి వచ్చే గాలి వేగం ఎక్కువ, వేడి తక్కువ. మిగతా చోట్లది నెమ్మది, వేడి ఎక్కువ. 2007లో డెన్నిస్ బోడెవిట్స్ మొదలైనవారు చంద్ర చూసిన ఎనిమిది తోకచుక్కలను పక్కపక్కన పెట్టి, ఏది ఏ గాలిలో తడిసిందో తేల్చారు. ఇప్పటికి ఎక్స్-కిరణాలలో కనబడిన తోకచుక్కలు పాతికకు పైగా ఉన్నాయి.

ఇంకొక విశేషం. ఆకాశం నలుమూలలనుంచీ వచ్చే మందమైన ఎక్స్-కిరణాల వెలుగు మన నక్షత్రవీధిలోని వేడి వాయువుదని అంతకుముందు అనుకునేవారు. రోసాట్ సర్వేలో ఆ వెలుగు అర్థంకాకుండా పెరిగి తగ్గుతూ ఉండేది. తోకచుక్కల గుట్టు తెలిశాక, అందులో ఒక వంతు మన ఇంటి ముంగిట, భూమి చుట్టూ ఉన్న పలచని హైడ్రోజన్‌తోనూ, గ్రహాల మధ్య ఉన్న వాయువుతోనూ సౌర పవనం చేసే ఇదే మార్పిడి అని తెలిసింది. పక్కింటి పొయ్యి వాసన అనుకున్నది మన వంటింటిదే అయింది.

హ్యకుటాకే గురించి మరొక మాట చెప్పి ముందుకు పోతాను. 1996 మే 1న యులిసిస్ పనిముట్లు కొన్ని గంటలపాటు వింతైన లెక్కలు చూపాయి. ఏమిటో తెలియలేదు. 2000లో తేలింది, అది హ్యకుటాకే తోకగుండా పోయిందట! తోకచుక్క అప్పుడు 50 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. జెండా అంత పొడుగున ఎగిరింది. నాలుగేళ్ళు ఆ లెక్కలు కాగితాల్లోనే పడుకున్నాయి.

రోసాట్ పని 1999లో ముగిసింది. 2011 అక్టోబరు 23న అది భూవాతావరణంలోకి దూసుకువచ్చి కాలిపోయింది. ఎక్కడనుకున్నారు? మన బంగాళాఖాతం మీద.

ఆ బంగాళాఖాతం ఒడ్డున, పులికాట్ సరస్సు అవతల ఉన్న శ్రీహరికోట నుంచే 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 బయలుదేరింది. 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో తన నెలవుకు చేరింది. అందులో అహ్మదాబాదు ఫిజికల్ రిసర్చ్ లాబొరేటరీ వారు చేసిన ఆస్పెక్స్ అనే పనిముట్టు సౌర పవనంలోని కణాలను ఎంచుతుంది. ముఖ్యంగా హైడ్రోజన్, హీలియం కేంద్రకాలను. హీలియం అనగానే 1868 ఆగస్టు 18 నాటి గ్రహణం గుర్తు రావాలి. ఆ రోజు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరులో, మద్రాసు నక్షత్రశాల పోగ్సన్ బందరులో నిలబడి సూర్యజ్వాలల వర్ణపటం చూశారు. అందులోని పసుపు గీత తెలిసిన ఏ మూలకానిదీ కాదన్న సంగతి ఆ ఏడే బయటపడింది. సూర్యుని పేరుమీద దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది 1895లో గాని దొరకలేదు. మన గుంటూరు, బందరు పొలాలమీద మొదట కన్ను చికిలించిన ఆ గీత తాలూకు కణాలనే, శ్రీహరికోట నుంచి పోయిన యంత్రం ఇవాళ లెక్కపెడుతున్నది. పార్కర్ పేరుగల నౌక 2024 డిసెంబరు 24న సూర్యుని ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దూరానికి పోయి, గాలి పుట్టే చోటునే తాకివచ్చింది. 2018లో దాని ప్రయాణాన్ని పార్కర్ తన 91వ ఏట కళ్ళారా చూశారు. 2022లో పోయారు.

బేగంపేట నక్షత్రశాల ఆవరణలో తరువాత సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ వెలిసింది. పాత గుమ్మటం వెలవెలబోతూ ఉంటుంది. హైదరాబాదు వెళ్ళినప్పుడు గోల్కొండ, చార్మినారు చూపించే మనం, పిల్లలకు అదికూడా ఒకసారి చూపిస్తే బాగుంటుంది. విశాఖ వెళ్ళినవారు డాబా గార్డెన్స్‌లో బస్సు దిగినప్పుడు జగ్గారావుగారిని తలచుకోండి.

కిట్ పీక్‌కు మా ఇంటి పిల్లలు ఐదుగురినీ తీసుకుపోవాలని అనుకుంటున్నాం. అది టొహోనో ఓధమ్ జాతివారి నేల, వారి అనుమతితో కట్టిన నక్షత్రశాల. 2022 జూన్‌లో కార్చిచ్చు కొండమీదికి వచ్చినా దుర్భిణులు దక్కాయి. బార్ట్ బాక్ గుమ్మటం ముందు నిలబడి బప్పు పేరు చెప్పే వంతు మాత్రం మనుమరాలిదే. నేను చెబితే మళ్ళీ ఏ తప్పు దొర్లుతుందోనని ముందే షరతు పెట్టింది.